నెమో గదిలోని పటాలు

పశ్చిమ మాంబళం, చెన్నై

మిత్రులకు నమస్కారం.

జూల్ వెర్న్ నవలల్లోని జలాంతర్గామి నాయకుడు కెప్టెన్ నెమో మీద మీరు రాసి, బెంగళూరు నుంచి పంపిన స్క్రీన్‌ప్లే అందింది. పూర్తిగా చదివాను. మీ సంభాషణలు పొదుపుగా ఉన్నాయి, సముద్రాన్ని కళ్లకు కట్టించారు. ఆ మాట ముందే చెప్పేస్తున్నాను. కాని ఈ జవాబు ఇంత పొడుగ్గా రాయడానికి కారణం మీరు జతచేసిన ఉత్తరంలోని ఒక వాక్యం. ‘నేటి ప్రేక్షకుడికి 1857 పట్టదు, టిప్పు సుల్తాన్ పట్టడు, అందుకే కెప్టెన్ నెమోను ఆ చరిత్ర నుంచి విడిపించి, ఎవరికైనా అర్థమయ్యే ఒక సొంత విషాదాన్ని ఇచ్చాను’ అని రాశారు. పాత సైన్స్ ఫిక్షన్ నాయకులను నేటి వెండితెరకు తేవచ్చా అని మీరు అడిగిన అసలు ప్రశ్నకు నా జవాబంతా ఆ వాక్యంతో నాకున్న పేచీలోనే ఉంది.

మీ నెమో వైట్‌ఫీల్డ్‌లో కంపెనీ పెట్టి కోట్లు గడించిన ఇంజినీరు. అతని భార్య, కూతురు హొసూరు రోడ్డు మీద కారు ప్రమాదంలో చనిపోతారు. ఆ ప్రమాదం వెనుక ఒక విదేశీ నౌకాసంస్థ యజమాని ఉన్నాడని తరవాత తెలుస్తుంది. నెమో జలాంతర్గామి కట్టి ఆ సంస్థ ఓడలను ఒక్కొక్కటిగా ముంచి, చివరికి ఆ యజమానిని చంపి, భార్య ఫొటో చూస్తూ కన్నుమూస్తాడు. కథ ఎక్కడా ఆగదు, ఎక్కడా తడబడదు. కాని ఇతని చేతికి జలాంతర్గామి బదులు లారీ ఇచ్చినా, తుపాకీ ఇచ్చినా ఇదే కథ ఇలాగే నడుస్తుంది. నెమో జలాంతర్గామి నాటిలస్ లేకుండా నడిచిపోయే కథకు నెమో పేరు ఎందుకు పెట్టారని నిర్మాత అడగకపోవచ్చు. నేను అడుగుతున్నాను.

జూల్ వెర్న్ 1870లో పూర్తిచేసిన ‘ట్వంటీ థౌజండ్ లీగ్స్ అండర్ ది సీ’లో నెమో ఏ దేశస్థుడో చెప్పలేదు. 1875 నాటి ‘ది మిస్టీరియస్ ఐలాండ్’లో, అతను చావుకు దగ్గరపడినప్పుడు, ఆ రహస్యం బయటపడుతుంది. అతను బుందేల్‌ఖండ్ రాజు కొడుకు, దక్కర్ యువరాజు. టిప్పు సుల్తాన్‌కు మేనల్లుడి వరస. పదేళ్ల వయసులో చదువు కోసం యూరప్ వెళ్లి, ముప్పై ఏళ్ల వరకు అక్కడి శాస్త్రాలన్నీ నేర్చుకుని తిరిగివచ్చి, 1857లో ఇంగ్లీషువారి మీద కత్తి పట్టి, ఓడిపోయి, కుటుంబాన్ని పోగొట్టుకుని, మిగిలిన కొద్దిమంది అనుచరులతో పసిఫిక్ సముద్రంలోని ఒక నిర్జన ద్వీపంలో నాటిలస్‌ను కట్టుకున్నవాడు. బుందేల్‌ఖండ్‌కూ మైసూరుకూ ఈ చుట్టరికం ఎలా కలిసిందని చరిత్రకారుడు అడిగితే వెర్న్ దగ్గర జవాబు ఉండదు. అయినా ఆ వరస కలపడంలో ఎంత ఔచిత్యం ఉందో చూడండి. హైదర్, టిప్పుల సైన్యం ఇనుప గొట్టాల్లో మందు కూరిన రాకెట్లతో కంపెనీ సైన్యాన్ని ఎదిరించింది. 1780లో ఇక్కడికి దగ్గరలోనే, కాంచీపురం పక్కనున్న పొల్లిలూరులో, కర్నల్ బెయిలీ దళం తుడిచిపెట్టుకుపోయిన యుద్ధంలో ఆ రాకెట్లు ఉన్నాయి. 1799లో శ్రీరంగపట్నం పడిపోయాక ఇంగ్లండు చేరిన రాకెట్లే అక్కడ విలియం కాంగ్రీవ్ తయారుచేసినవాటికి దారి చూపాయి. 2018లో శివమొగ్గ జిల్లాలో ఒక పాత బావిలో పూడిక తీస్తే వెయ్యికి పైగా రాకెట్లు బయటపడ్డాయి. వెర్న్ ఈ రాకెట్లను తలచుకునే టిప్పు పేరు రాశాడని నేను అనను. కాని ఓడలు, ఫిరంగులు, నౌకాదళాలు అన్నీ గెలిచినవాడి చేతిలోనే ఉన్న కాలంలో, ఓడినవాడి చేతికి అంతకన్నా గొప్ప ఓడ వస్తే ఏమవుతుందన్న ఊహే నాటిలస్. ఆ ఊహకు ఇంతకన్నా తగిన వంశం దొరకదు.

టిప్పు పుట్టిన దేవనహళ్లి మీ విమానాశ్రయం పక్కనే ఉంది. 1791లో పూర్తయిన అతని వేసవి విడిది కె.ఆర్. మార్కెట్ దగ్గర టేకు స్తంభాల మీద ఇంకా నిలిచి ఉంది. ఆ ఊళ్లో కూర్చుని మీరు నెమోకు ఊరూ పేరూ లేకుండా చేశారు. ప్రేక్షకుడికి చరిత్ర పట్టదని ఎవరు చెప్పారో నాకు తెలియదు. అల్లూరి, కొమురం భీముల పేర్లతో 1920ల నాటి తెల్లదొరల పాలన మీద అల్లిన తెలుగు సినిమాను 2022లో ప్రపంచమంతా చూసింది. బ్రిటిష్ చరిత్ర ఒక్క పాఠం కూడా చదవని దేశాల్లో జనం లేచి చప్పట్లు కొట్టారు. ఎవడు ఎవణ్ణి తొక్కుతున్నాడో తెలుసుకోవడానికి ప్రేక్షకుడికి పాఠ్యపుస్తకం అక్కర్లేదు.

నెమోను చరిత్ర నుంచి విడిపించాలన్న ఆలోచన మీకే మొదట వచ్చిందని అనుకోకండి. ఆ పని అతను పుట్టక ముందే మొదలైంది. వెర్న్ మనసులోని తొలి నెమో పోలండ్ ప్రభువు. 1863లో రష్యా జారు చక్రవర్తి మీద జరిగిన తిరుగుబాటులో సర్వస్వం పోగొట్టుకున్నవాడు. ప్రచురణకర్త ఎట్జెల్ ఒప్పుకోలేదు. రష్యాలో పుస్తకాలు అమ్ముడుపోవన్నది ఆయన భయం. రచయితకూ ప్రచురణకర్తకూ ఉత్తరాల మీద ఉత్తరాలు నడిచి, చివరికి నెమోకు దేశం లేకుండా పోయింది. కొన్నేళ్ల తరవాత వెర్న్ అతనికి మన దేశాన్ని ఇచ్చాడు. అప్పుడు ఇంగ్లీషు అనువాదకులు అందుకున్నారు. మొదటి నవలను అనువదించిన మెర్సియే దాదాపు నాలుగో వంతు కోసేశాడు. కింగ్‌స్టన్ పేరుతో వచ్చిన రెండో నవల అనువాదంలో ఇంగ్లీషు పాలన గురించి నెమో చెప్పిన మాటలను తమ పాఠకులకు నొప్పి తగలకుండా తిరగరాశారు. మూర్ మార్కెట్ పాత పుస్తకాల కొట్లలో, 1985లో ఆ మార్కెట్ తగలబడక ముందు, నా తరం బేరమాడి కొనుక్కుని చదివినవి ఆ అనువాదాలే. మన మనిషి మన గురించి చెప్పిన మాటలు మన దాకా రాకుండా ఎవరో మధ్యలో ఆపేశారని తెలిసినప్పుడు నాకు వచ్చిన కోపం ఇంతవరకు తగ్గలేదు.

తగ్గకపోవడానికి సొంత కారణం కూడా ఉంది. నా మొదటి సైన్స్ నవల ఒక వారపత్రికలో సీరియల్‌గా వచ్చింది. అందులో యంత్రాన్ని కనిపెట్టినవాడు ఏలూరు జూట్ మిల్లు కార్మికుడి కొడుకు. మిల్లులో సమ్మె జరుగుతుండగా, రాత్రిపూట తండ్రి యూనియన్ మీటింగులో ఉన్నప్పుడు, వంటింటి గచ్చు మీద కూర్చుని ఆ యంత్రానికి నమూనా గీస్తాడు. సంపాదకుడు నాతో ఒక్క మాట చెప్పకుండా సమ్మెను తీసేశారు. ఏలూరును ‘ఒకానొక నగరం’ చేశారు. అడిగితే, ‘సైన్సు కథలో రాజకీయం ఎందుకండీ, పిల్లలు కూడా చదువుతారు’ అన్నారు. అచ్చయిన సీరియల్లో ఆ కుర్రవాడు ఎందుకంత పట్టుదలగా యంత్రం కడుతున్నాడో ఎవరికీ బోధపడలేదు. పాఠకుల ఉత్తరాల్లో అదే ప్రశ్న మళ్లీ మళ్లీ వచ్చింది. ఆ సంపాదకుణ్ణి నేను క్షమించలేదు. ఆయన నా దగ్గర బలవంతంగా లాక్కున్నదాన్ని మీరు ఎవరూ అడగకుండానే వదిలేశారు. నాకు కష్టం వేసింది అందుకు.

నెమోకు సొంత దుఃఖం మూలంలోనే ఉంది కదా అని మీరు అంటారని తెలుసు. ఉంది. మొదటి నవల చివర, యుద్ధనౌకను ముంచేసి తన గదిలోకి వెళ్లి, ఒక స్త్రీ, ఇద్దరు చిన్నపిల్లలు ఉన్న చిత్రం ముందు మోకాళ్ల మీద కూలబడి ఏడుస్తాడు. ఆ పేజీ చదివి చలించనివాడు ఉండడు. కాని ఆ భార్యాబిడ్డలను చంపింది రోడ్డు ప్రమాదం కాదు. ఒక దేశాన్ని అణచడానికి మరొక దేశం చేసిన పనిలో వాళ్లు పోయారు. వాళ్లతో పాటు లెక్కలేనంత మంది పోయారు. అందుకే అతని ఏడుపులో మిగతావాళ్ల ఏడుపు కూడా వినిపిస్తుంది. మీరు ఆ దుఃఖాన్ని ఉంచి దాని చుట్టూ ఉన్న లోకాన్ని తీసేశారు. ఇప్పుడు అతను తన ఇంటి కోసం మాత్రమే ఏడుస్తాడు, తన ఇంటి కోసం మాత్రమే చంపుతాడు. శత్రువు చచ్చిపోతే అతనికి ఇక పని లేదు. వెర్న్ నెమోకు ఒక మనిషిని చంపితే తీరే పగ లేదు.

నేను ఎన్నో ఏళ్లుగా గట్టిగా నమ్ముతున్నది ఇది. పాత సైన్స్ ఫిక్షన్ నాయకుణ్ణి నిలబెట్టేది అతని పేరో వాహనమో వేషమో కాదు, తన కాలంతో అతనికున్న తగువు. ఆ తగువు ఈనాడు ఏ రూపంలో బతికుందో కనిపెట్టగలిగితే అతన్ని తీసుకురండి. కనిపెట్టలేకపోతే అతని జోలికి పోవద్దు.

ఇంగ్లీషు రచయిత హెచ్.జి. వెల్స్ 1895లో రాసిన ‘ది టైమ్ మెషీన్’ చూడండి. అందులో కాలయాత్రికుడికి పేరు కూడా లేదు. అతను 8,02,701వ సంవత్సరానికి వెళ్లి, ఎండలో ఆడుకునే ఎలాయ్‌లను, భూమి కింద యంత్రాల మధ్య బతికే మోర్లాక్‌లను చూస్తాడు. తన కాలపు యజమానులూ కార్మికులూ విడిపోయి విడిపోయి చివరికి రెండు జాతులయ్యారని గ్రహిస్తాడు. అతని వెంట వచ్చేది జిజ్ఞాస, అతన్ని భయపెట్టేది తన సమాజం. 1960లో జార్జ్ పాల్ ఆ కథను సినిమాగా తీసినప్పుడు యాత్రికుణ్ణి దారిలో 1917లోనూ, 1940లోనూ, అప్పటికి ఇంకా రాని 1966లోనూ ఆపాడు. మూడుచోట్లా యుద్ధమే ఎదురైంది. వర్గభేదం స్థానంలో అణుయుద్ధ భయం వచ్చింది. మూలానికి అది దూరమే, అయినా నాకు ఇష్టం, ఎందుకంటే ఆ ప్రేక్షకులు నిజంగా భయపడుతున్నదాన్ని అది పట్టుకుంది. 2002లో వెల్స్ మునిమనవడే దర్శకుడిగా మళ్లీ తీశారు. ఈసారి యాత్రికుడికి ఒక ప్రియురాలు వచ్చింది, ఆమెను ఒక దొంగ చంపాడు, ఆమెను బతికించుకోవడానికి అతను యంత్రం కట్టాడు. మనుషులు రెండు జాతులు కావడానికి కారణం చంద్రుడు ముక్కలవడం అయింది. యజమానీ లేడు, కార్మికుడూ లేడు, ఎవరి తప్పూ లేదు. 2012లో వచ్చిన అంగారక గ్రహ సాహసాల సినిమా ‘జాన్ కార్టర్’లోనూ ఇదే జరిగింది. ఎడ్గర్ రైస్ బరోస్ 1912లో సీరియల్‌గా రాసిన కథలో కార్టర్‌కు బాల్యం కూడా గుర్తు లేదు, ఎప్పుడూ ముప్పై ఏళ్లవాడిలాగే ఉంటాడు; సినిమాలో అతనికి చనిపోయిన భార్యను, కూతుర్ని తెచ్చిపెట్టారు. ఆ సినిమా మీద డిస్నీ సంస్థ సుమారు 20 కోట్ల డాలర్లు నష్టపోయింది. ఆ నష్టమంతా దీనివల్లేనని చెప్పడం న్యాయం కాదు. ప్రచారం సరిగా జరగలేదు, పైగా నూరేళ్లుగా ఇతర సినిమాలు ఆ కథ నుంచి తీసుకోగలిగినంత తీసుకున్నాయి గనక అసలుదే నకలులా కనిపించింది. కాని పచ్చి సాహసంతో పరుగెత్తవలసిన కథకు ఆ సమాధుల ఫ్లాష్‌బ్యాకులు సంకెళ్లు వేశాయన్నది మాత్రం నా అభిప్రాయం.

ఈ అలవాటు హాలీవుడ్‌లో పుట్టలేదు, ఇక్కడి సినిమాపేట కోడంబాక్కంలో నేను దాన్ని కళ్లారా చూశాను. తెలుగు సినిమా ఇంకా సగం ఇక్కడే ఉన్న రోజుల్లో, పేరు పడని ఘోస్ట్ రైటర్‌గా, లాడ్జి గదుల్లో కథాచర్చలకు కూర్చునేవాణ్ణి. ఒకసారి సముద్రపు నీటిని మంచినీరు చేసే పద్ధతి కనిపెట్టిన కెమిస్ట్రీ లెక్చరర్ కథ చెప్పాను. నీటి ట్యాంకర్ల వ్యాపారులతో అతని పోరాటం. మద్రాసులో కార్పొరేషన్ పంపు దగ్గర రాత్రి రెండింటికి బిందెలు వరసలో పెట్టి కాపలా కాసినవాళ్లెవరికైనా ఆ కథ అర్థమవుతుంది. నిర్మాత శ్రద్ధగా విన్నారు. విని, ‘ఇతనికి చెల్లెలు ఉందా?’ అని అడిగారు. లేదన్నాను. ‘పెట్టండి. మూడో రీల్లో విలన్ కొడుకు పాడుచేస్తాడు. అప్పుడు హీరోకి కసి వస్తుంది’ అన్నారు. నీళ్ల కోసం ఊరంతా అల్లాడుతుంటే కసి రాదా అని అడిగాను. ‘అది ఊరి కసి, హీరోది కాదు’ అన్నారాయన. ఆ సినిమా రాలేదు. వచ్చి ఉంటే అందులో నీళ్లు ఉండేవి కావు, చెల్లెలు మాత్రమే ఉండేది. ఇప్పుడు ఓటీటీ వాళ్ల మీటింగుల్లో అదే చెల్లెలిని ‘ట్రామా’ అంటున్నారు, ‘బ్యాక్‌స్టోరీ’ అంటున్నారు, దాని మీద వర్క్‌షాపులు పెడుతున్నారు. పేరు మారింది, పద్ధతి మారలేదు. ఊరి కోపం హీరో కోపం కాజాలదని నమ్మేవాళ్ల చేతిలో సైన్స్ ఫిక్షన్ ఎప్పటికీ బాగుపడదు.

ఇక మీ ప్రశ్న. పాతవాళ్లను మళ్లీ తేవాలా, కొత్తవాళ్లను పుట్టించాలా? జార్జ్ లూకస్ మొదట ‘ఫ్లాష్ గార్డన్’ తీయాలనుకున్నాడు. 1934లో అలెక్స్ రేమండ్ గీసిన ఆ బొమ్మల కథ హక్కులు దొరక్క తన సొంత కథ రాసుకుంటే అది 1977 నాటి ‘స్టార్ వార్స్’ అయింది. హక్కులు దొరికినవాళ్లు 1980లో తీసిన ‘ఫ్లాష్ గార్డన్’ను జనం ఇవాళ దాని పాటల కోసం తలచుకుంటారు. మన సింగీతం శ్రీనివాసరావు 1991లో ‘ఆదిత్య 369’ తీసినప్పుడు వెల్స్ నుంచి యంత్రాన్ని మాత్రం తీసుకుని, దాన్ని తిన్నగా కృష్ణదేవరాయల కొలువులో దింపారు. రాయలను చూడాలన్నది తెలుగువాడి కోరిక. లండన్ పెద్దమనిషి అందులో అక్కర్లేదు. 2020లో ‘ది ఇన్విజిబుల్ మ్యాన్’ను కొత్తగా తీసినవాళ్లు మరో దారి పట్టారు. 1897 నాటి వెల్స్ నవలలో గ్రిఫిన్ మనిషి కంటికి కనిపించకుండా పోయి ఊరిని భయపెడతాడు. కొత్త సినిమాలో అతను వెనక్కి వెళ్లి, అతని చెర నుంచి తప్పించుకున్న స్త్రీ ముందుకు వచ్చింది. గదిలో ఎవరూ లేరని అందరూ అంటారు, ఉన్నాడని ఆమెకు తెలుసు. ఎవరూ నమ్మని హింసను భరించే ఆడవాళ్లందరి తగువు అందులోకి వచ్చి చేరింది. డెబ్భై లక్షల డాలర్లతో తీసిన ఆ చిన్న సినిమాకు దాదాపు ఇరవై రెట్లు వసూలైంది. వీళ్లలో ఎవరూ పాత నాయకుడి పట్ల భక్తితో పని చేయలేదు, అతను మోసిన భారాన్ని చూశారు.

పాతవాళ్లందరూ మోసినవి మంచి భారాలేనని కూడా నేను అనను. ఫ్లాష్ గార్డన్ శత్రువు మింగ్ చక్రవర్తి రూపంలోనూ, 1928లో ‘అమేజింగ్ స్టోరీస్’ పత్రికలో పుట్టిన బక్ రోజర్స్ 2419లో మేల్కొని పోరాడిన శత్రువుల్లోనూ ఉన్నది ఆసియా జనం మీద తెల్లజాతి భయం. జాన్ కార్టర్ బానిసత్వం పక్షాన యుద్ధం చేసిన సైన్యంలో కెప్టెన్. వీళ్లను తెచ్చేవాళ్లు ఈ లెక్క తేల్చుకోవాలి, రంగులు మార్చి దాటిపోకూడదు. నెమోకు ఆ బాధ లేదు. అతను మొదటి నుంచీ మన పక్షం మనిషి.

అతని పక్షం తెలుసుకోవాలంటే గది గోడలు చూడాలి. వెర్న్ ఆ గోడకు వేలాడదీసిన పటాలు: పోలండ్ కోసం పోరాడిన కోషియుష్కో, గ్రీసు వీరుడు బోత్సారిస్, ఐర్లండు హక్కుల కోసం నిలిచిన ఓకానెల్, వాషింగ్టన్, ఇటలీ దేశభక్తుడు మానిన్, లింకన్, చివరికి బానిసత్వం మీద తిరగబడి ఉరికంబానికి వేలాడుతున్న జాన్ బ్రౌన్. ఆ పటాల ముందు, నాటిలస్‌లో చిక్కుకుని ఈ కథ చెప్పే ప్రొఫెసర్ ఆరొనాక్స్ నిలబడి, ఇతనెవరో అని ఆలోచిస్తాడు. పాఠకుడికి సగం జవాబు అక్కడే దొరుకుతుంది. మీ స్క్రీన్‌ప్లేలో ఆ గోడ నిండా టీవీ తెరలు, వాటి మీద షేర్ల ధరలు. ఆ తెరలు తీసేయండి. ఈనాటి నెమో ఎవరి పటాలు తగిలించుకుంటాడో మీరు కూర్చుని ఆలోచించండి. ఆ పేర్లు నేను చెప్పను. ఆ జాబితా రాయగలిగిన రోజున మీకు కథ దొరికినట్టు.

నాకు కనిపించే దారి ఒకటి మాత్రం చెబుతాను. 1954లో డిస్నీ వాళ్లు నెమో సినిమా తీసినప్పుడు అతని దేశాన్ని తీసేసినా ఒక్క పని సరిగా చేశారు. నాటిలస్‌ను నడిపే శక్తి అణుశక్తి అని అనిపించేట్టు చూపించి, చివర ద్వీపం పేలినప్పుడు ఆకాశంలోకి పుట్టగొడుగు లాంటి మేఘాన్ని లేపారు. అదే ఏడాది జనవరిలో అమెరికా తొలి అణు జలాంతర్గామిని నీటిలోకి దింపింది, దాని పేరు కూడా నాటిలస్సే. సినిమా ఆ ఏటి భయం మీద నిలబడింది. మరి మన ఏటి భయం ఏమిటి? వెర్న్ నెమో సముద్రపు నీటి నుంచి సోడియం తీసి, దానితో విద్యుత్తు పుట్టించి ఓడ నడుపుతాడు. సముద్రం అడుగున జింకు, ఇనుము, వెండి, బంగారం గనులున్నాయని, వాటిని తవ్వడం సాధ్యమేనని ఆరొనాక్స్‌తో అంటాడు. అదే నోటితో సముద్రం నిరంకుశుల సొత్తు కాదని కూడా అంటాడు. ఈ రెండు మాటలూ ఒకదానితో ఒకటి ఎన్నాళ్లు ఇముడుతాయి? ఇవాళ మధ్య హిందూ మహాసముద్రంలో 75,000 చదరపు కిలోమీటర్ల సాగరగర్భంలో అన్వేషణకు మన దేశానికి ఒప్పందం ఉంది. అక్కడ ఐదు వేల మీటర్లకు మించిన లోతులో మాంగనీసు, నికెల్, రాగి, కోబాల్టు కలిసిన ముద్దలు పరుచుకుని ఉన్నాయి. అక్కడికి మనుషులను దింపడానికి మా పల్లికరణైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ ‘మత్స్య 6000’ అనే జలాంతర వాహనాన్ని తయారుచేస్తోంది; ముగ్గురు కూర్చునే 2.1 మీటర్ల టైటానియం గోళం, ఆరు వేల మీటర్ల లోతు దాని లక్ష్యం. మీ బెంగళూరులో ఎలక్ట్రిక్ స్కూటర్ల బ్యాటరీల గురించి మాట్లాడేవాళ్లకు నికెల్, కోబాల్టుల విలువ నేను చెప్పనక్కర్లేదు. ఆ అడుగు ఎవరిది? తవ్వగల యంత్రం ఉన్నవాడిదా, ఆ నీటి మీద బతికేవాడిదా? నెమో ఈనాడు బతికి ఉంటే అతని తగువు ఇక్కడే ఉంటుంది. పైగా అతని ఓడ కూడా విద్యుత్తు మీదే నడుస్తుంది గనక అతనికీ ఆ తప్పులో వాటా ఉంటుంది. ఇంత చిక్కటి నాటకం పక్కన పెట్టి హొసూరు రోడ్డుకు ఎందుకు పోవాలి?

ముత్యాల వేటగాడి సీను గురించి ఇప్పుడు. మీరు టైటిల్స్‌కు ముందు, కథతో సంబంధం లేని అలంకారంగా పెట్టిన ఆ 1868 నాటి సీను మీ స్క్రీన్‌ప్లే మొత్తానికి ప్రాణం. మన్నార్ సింధుశాఖలో, కాళ్ల మధ్య రాయి ఇరికించుకుని మునిగిన పేద వేటగాడిని నెమో సొరచేప నుంచి కాపాడి, సంచీడు ముత్యాలు చేతిలో పెట్టడం వెర్న్ రాసినదే. ఆ వేటగాడు అణచబడ్డవాళ్ల దేశంవాడని, తను కూడా చివరి ఊపిరి దాకా ఆ దేశంవాడినేనని నెమో చెప్పడమూ వెర్న్‌దే. ఆ తరవాతది మీది. వేటగాడు తూత్తుకుడి బజారులో ముత్యం అమ్మబోతాడు. వర్తకుడు దాన్ని ముత్యాల సైజు తేల్చే ఇత్తడి జల్లెడలో వేసి అటూ ఇటూ కదుపుతాడు. ఎంత పెద్ద కన్నం ఉన్న జల్లెడలోంచీ అది జారదు. వర్తకుడు జల్లెడ కింద పెట్టి, ‘ఎవరి దగ్గర కొట్టేశావ్?’ అని అడుగుతాడు. వేటగాడు నోరు తెరవడు. సంచి మూతి బిగించుకుని మళ్లీ రేవుకు పోతాడు. అక్కడ నేను కాగితం తిప్పలేకపోయాను. నెమో దానం చేసి వెళ్లిపోయాడు. దానం అమ్ముకోవడానికి కూడా హక్కు లేని లోకం అలాగే ఉంది. వెర్న్ ఈ ప్రశ్న వేయలేదు. మీరు వేశారు. 1857 పట్టదని రాసిన చేత్తోనే ఈ సీను రాశారంటే, ఆ వాక్యం మీది కాదు, ఎవరో మీ చెవిలో ఊదినదని నా అనుమానం.

ఆ వేటగాడి వంశాన్ని వదలకండి. ఆ తీరంలో ముత్యాల వేట 1960ల తొలినాళ్లతో ఆగిపోయింది, శంఖాల కోసం మాత్రం ఇప్పటికీ మునుగుతున్నారు. 1986లో ఆ సింధుశాఖలోని 21 దీవులను జాతీయ పార్కు చేశాక, తరతరాలుగా మునిగిన చోట అనుమతి లేనివాళ్లయ్యారు కొందరు. మీ వర్తమాన కథ అక్కడ మొదలుపెట్టండి. ఆ వేటగాడి మునిమనవడి ఎదురుగా నాటిలస్ పైకి తేలాలి. అతను నెమోను దేవుడని అనుకోకూడదు. మా ముత్తాతకు నువ్విచ్చిన ముత్యాలు ఎవడూ కొనలేదని చెప్పాలి. అప్పుడు నెమో ఏమంటాడో నాకు వినాలని ఉంది.

హక్కుల విషయం. వెర్న్ 1905లో పోయాడు. మన చట్టంలో రచయిత మరణం తరవాత 60 ఏళ్లే రక్షణ గనక వెర్న్ నవలలకు ఎవరి అనుమతీ అక్కర్లేదు. కొత్త అనువాదాల వాక్యాలు, సినిమాలు కల్పించినవి మాత్రం వాడవద్దు. నెమోగా నసీరుద్దీన్ షా వేసిన 2003 సినిమా, ఈస్టిండియా కంపెనీని శత్రువుగా నిలిపిన 2024 ధారావాహిక రెండూ చూడండి. మీ ముందు ఎవరు ఎంతదూరం వెళ్లారో తెలుస్తుంది. హీరోలను వరుసగా ఒకే ‘యూనివర్స్’లో కలపవచ్చా అన్న ప్రశ్నకు నేను జవాబు రాయను. మొదటి సినిమా పూర్తికాకుండా అలాంటివి ఆలోచించే అలవాటు మానండి. పారితోషికం గురించి, పేరు వేయడం గురించి అడిగినవాటికి మరోసారి రాస్తాను.

తిరగరాసినప్పుడు స్క్రీన్‌ప్లే మొత్తం పంపనక్కర్లేదు. జల్లెడ సీను యథాతథంగా, దాని వెంటనే మునిమనవడి సీను, ఆ తరవాత నెమో గది. ఈ మూడూ పంపండి. సంక్రాంతికి పిల్లల దగ్గరకు విజయవాడ వెళ్తున్నాను, ఆ లోగా అందితే రైల్లో చదువుతాను.

శుభాకాంక్షలతో,
మీ శ్రేయోభిలాషి